పొగను పుట్టినచోటే ఆపాలి

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1986 పదో తరగతి బ్యాచ్, పర్యావరణ ఇంజినీరు.)

  

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి రెండు పనులు చెప్పారు. ఒకటి, వాయు కాలుష్యం మీద అరగంట మాట్లాడాలి, మరీ భయపెట్టకూడదు. రెండోది, స్వర్ణోత్సవ నిధితో తరగతి గదులన్నింటికీ ఎయిర్ ప్యూరిఫయర్లు కొందామని ఒక ప్రతిపాదన వచ్చింది, దాని మీద ఇంజినీరుగా నా అభిప్రాయం చెప్పాలి. మొదటి పని చేస్తే రెండోదానికి జవాబు దానంతట అదే వస్తుందని నాకనిపించింది. అందుకే ఆ వరుసలోనే చెబుతాను. మధ్యలో నా సొంత సంగతి ఒకటి ఉంది. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది. అది కూడా ఇవాళ చెబుతాను.

ప్రహరీ మీద లెక్కలు

మా రోజుల్లో ఇంటర్వెల్ గంట కొట్టగానే ప్రహరీ గోడెక్కి నాగపూర్ రోడ్డు మీద లారీలు లెక్కపెట్టేవాళ్లం. అప్పటికి అది ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. పంజాబ్ నంబరు లారీ కనిపిస్తే ఐదు మార్కులు, తమిళనాడుదైతే మూడు. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగి మళ్లీ కదిలేటప్పుడు నల్లటి పొగ ఒక్కసారిగా లేచేది. అది మాకు ఆటలో భాగం. బేగంపేటలో దిగే విమానాలు నెత్తి మీదుగా పోతుంటే సారు పాఠం ఆపేవారు. సాయంత్రానికి చొక్కా కాలరు నల్లబడేది. మట్టిలో ఆడామని అమ్మ తిట్టేది. అది మట్టి కాదని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

మేం తొమ్మిదిలో ఉండగా, 1984 డిసెంబరులో, భోపాల్ జరిగింది. సైన్సు సారు ప్రార్థన సమయంలో పేపరు చదివి వినిపించారు. గాలి మనిషిని చంపగలదన్న మాట నేను మొదటిసారి విన్నది ఈ మైదానంలోనే. నేను ఈ చదువు ఎంచుకోవడానికి ఆ ఉదయం ఒక కారణం. అప్పటికే దేశంలో 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం ఉంది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. మేం పదో తరగతి పాసైన సంవత్సరం అదే.

ఎనిమిది ఉప్పు రవ్వలు

ఒక మనిషి రోజుకు సుమారు 10 నుంచి 12 వేల లీటర్ల గాలి పీలుస్తాడు. నీళ్లు బాగాలేకపోతే బబుల్ తెప్పించుకుంటాం. కూర బాగాలేకపోతే పక్కన పెడతాం. గాలి విషయంలో ఆ వీలు లేదు. ఎక్కడ నిలబడితే అక్కడి గాలే.

అందులో మేం ముఖ్యంగా కొలిచేది సన్నటి ధూళిని. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 10. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే పీఎం 2.5 రవ్వలు ముప్పై దాకా పక్కపక్కన పేరిస్తేగానీ వెంట్రుకంత వెడల్పు రాదు.

మన దేశంలో 2009 నాటి ప్రమాణం ప్రకారం పీఎం 2.5 సంవత్సర సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. పీఎం 10 అయితే 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి పెట్టిన హద్దు 5 మాత్రమే. సరే, మన ప్రమాణమే తీసుకుని లెక్క వేద్దాం. రోజుకు 12 ఘనపు మీటర్ల గాలి, మీటరుకు 40 చొప్పున 480 మైక్రోగ్రాములు. బరువులో చెప్పాలంటే ఎనిమిది ఉప్పు రవ్వలు. ఇంతేనా అనిపిస్తుంది కదా? కానీ ఒక్క ఉప్పు రవ్వను రెండున్నర మైక్రాన్ల ముక్కలుగా కోస్తే పదిహేడు లక్షలకు పైగా ముక్కలవుతాయి. పిల్లలు ఇంటికెళ్లి లెక్కేసి చూడండి. రవ్వ అంచు 300 మైక్రాన్లు అనుకోండి, 120ని మూడుసార్లు గుణించండి. బరువు అంతే ఉంటుంది, కానీ ఉపరితలం 120 రెట్లు పెరుగుతుంది. ఆ ఉపరితలానికి అంటుకునే మసి, లోహాలు, ఆమ్లాలు మన లోపలికి వెళతాయి.

పెద్ద రవ్వను ముక్కు, గొంతు పట్టేస్తాయి. తుమ్మితే, దగ్గితే పోతుంది. సన్నటిది ఊపిరితిత్తుల చివర గాలి సంచుల దాకా వెళుతుంది. మరీ సన్నటిది రక్తంలో కలుస్తుంది. అందుకే ఇది దగ్గు, ఆయాసంతో ఆగే జబ్బు కాదు. గుండెపోటు, పక్షవాతం లెక్కల్లో కూడా దీని వాటా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇంటి లోపలి పొగ, బయటి గాలి కలిపి ఏటా సుమారు 70 లక్షల మంది ఆయుష్షు తీరకముందే పోతున్నారు.

మన పక్కనే జరిగిన ఒక అధ్యయనం చెబుతాను. హైదరాబాద్ శివార్లలో 28 గ్రామాలకు చెందిన 3,700 మందికి పైగా జనాన్ని పరిశోధకులు పరీక్షించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. అక్కడ పీఎం 2.5 సగటు 32.8. మన ప్రమాణం కంటే తక్కువే. అయినా ధూళి ఎక్కువగా ఉన్నచోట బతికేవాళ్లలో ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. ఊపిరితిత్తుల సంగతి అనుకున్నది ఎముకల దాకా పోయింది. పాసు మార్కులు వచ్చాయంటే ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు.

ఆయాసం ఎంత పాత బాధో ఈ ఊరికి తెలుసు. మృగశిర కార్తె నాడు చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కట్టే బారులు మీరు చూసే ఉంటారు. అది పనిచేస్తుందా లేదా అన్నది డాక్టర్ల వాదన, నాది కాదు. చంటిపిల్లను భుజాన వేసుకుని రాత్రంతా వరుసలో నిలబడే తల్లిని చూస్తే నాకొచ్చే ప్రశ్న ఒకటే: ఆ పిల్ల పీల్చే గాలి ఎవరి బాధ్యత?

పొగ ఎవరిది?

ఈ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పకూడదు. 2005లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత మన నగరంలో ఒక అధ్యయనం జరిగింది. మూడు చోట్ల, మూడు కాలాల్లో 180 నమూనాలు పట్టారు. ఫిల్టరు మీద చిక్కిన ధూళిలో ఏ మూలకాలున్నాయో చూసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చారు. మట్టికి ఒక గుర్తు, బొగ్గుకు ఒక గుర్తు, డీజిల్‌కు ఒక గుర్తు ఉంటాయి. వేలిముద్రల్లాగా.

పీఎం 10లో 60 శాతానికి పైగా వాహనాల పొగ, రోడ్డు దుమ్ము అని తేలింది. సన్నటి పీఎం 2.5 దగ్గరికి వస్తే వాహనాలతో పాటు పరిశ్రమల బొగ్గు, చెత్త తగలబెట్టడం, గాలిలోనే వాయువులు కలిసి పుట్టే ధూళి, అన్నీ ఉన్నాయి. 2010లో పీఎం 10 సగటు వ్యాపార ప్రాంతాల్లో 82, పారిశ్రామిక ప్రాంతాల్లో 96, నివాస ప్రాంతాల్లో 64. ప్రమాణం 60. అంటే మన ఇళ్ల మధ్య కూడా ఫెయిలే. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం ప్రారంభించినప్పుడు ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది.

బోయిన్‌పల్లి సంగతి చూడండి. ఒక పక్క హైవే. ఇంకో పక్క బాలానగర్, దాని వెనక జీడిమెట్ల పారిశ్రామిక వాడలు. మధ్యలో కూరగాయల మార్కెట్, తెల్లవారుజామున లారీలు. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు వరకు ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. దారి కావాల్సిందే. కానీ పని సాగినన్నాళ్లూ తవ్విన మట్టిని తడపాలి, లారీ మీద పట్టా కప్పాలి, చుట్టూ తడక కట్టాలి. ఇవి ఖరీదైన పనులు కావు. అడిగేవాళ్లుంటే జరుగుతాయి, లేకపోతే జరగవు.

చలికాలం ఎందుకు ఎక్కువ? మామూలుగా నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి పోతుంది, పొగను తీసుకుపోతుంది. చలికాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చటి పొర. గిన్నె మీద మూత పెట్టినట్టే. సంక్రాంతి ముందు తెల్లవారుజామున పొగ గల్లీలోనే పరుచుకుని ఉండటం చూసే ఉంటారు. ఆ మూత కింద భోగి మంటలో పాత టైరు వేస్తే దాని పొగ మనకే మిగులుతుంది.

చాట, జల్లెడ, కళ్లాపి, దువ్వెన

ఇక నివారణ. మా ఇంజినీర్ల పరికరాలు పేర్లకు పెద్దవే గానీ, మన అమ్మమ్మలకు తెలియని సూత్రం వాటిలో లేదు.

సైక్లోన్ అంటే చాట. చాటలో చెరిగితే గింజ ఒకవైపు, పొట్టు ఒకవైపు పోతాయి. సైక్లోన్‌లో పొగను గుండ్రంగా తిప్పుతారు. బరువైన రవ్వలు గోడకు కొట్టుకుని కింద పడతాయి. చవకైనది, చెడిపోదు. కానీ సన్నటి ధూళి దాన్ని తప్పించుకుంటుంది.

బ్యాగ్ ఫిల్టర్ అంటే వడకట్టే గుడ్డ. పొడవాటి గుడ్డ సంచుల గుండా పొగను లాగుతారు. సరిగా నడిపితే 99 శాతానికి పైగా పట్టేస్తుంది. స్క్రబ్బర్ అంటే కళ్లాపి. నీళ్లు చిలకరించి దుమ్మును అణచడం, నీళ్లలో సున్నం కలిపితే సల్ఫర్ డయాక్సైడ్ లాంటి ఆమ్ల వాయువుల్ని కూడా పట్టడం. అయితే ఆ మురికినీటిని మళ్లీ శుద్ధి చేయాలి, లేకపోతే గాలి జబ్బును నాలాలోకి పంపినట్టే. నాలుగోది ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే లేచి అంటుకుంటాయి కదా, అదే. ధూళికి విద్యుదావేశం ఇచ్చి పలకలకు అంటించి, సుత్తితో తట్టి రాలుస్తారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఉండేవి ఇవే.

మరి ఎత్తైన పొగగొట్టం? దానికీ సూత్రం ఉంది. గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుందో దాన్ని 0.3 ఘాతానికి పెంచి 14తో గుణించాలి. గంటకు 10 కిలోలైతే 28 మీటర్లు వస్తుంది. అయినా 30 మీటర్లకు తగ్గకూడదు. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. గొట్టం పొగను తగ్గించదు, దూరంగా పంచుతుంది. మన ఇంటి చెత్తను పక్క గల్లీలో వేయడం లాంటిది.

వాహనాల్లో అసలు మార్పు ఇంధనంతో వచ్చింది. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. డీజిల్‌లో గంధకం భారత్ స్టేజ్ 2లో పది లక్షల భాగాలకు 500 ఉండేది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన స్టేజ్ 6లో అది 10. గంధకం తగ్గాకే సైలెన్సరు దగ్గర సన్నటి మసి పట్టే ఫిల్టర్లు బతికి పనిచేశాయి. చూడండి, అంతా తిరిగి ఒకే చోటికి వస్తుంది. ముందు ఇంధనం బాగుచేయాలి, తర్వాత మండే పద్ధతి, తర్వాత పరికరం, చివరికి గొట్టం. ఈ వరుస తలకిందులైనప్పుడల్లా డబ్బు ఖర్చవుతుంది, గాలి మారదు.

టీ కొట్టు అమ్మ

ఇప్పుడు నా సంగతి. 1994 చలికాలం. నాకు 24 ఏళ్లు. ఊరికి ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ సెక్షన్‌లో షిఫ్ట్ ఇంజినీరుని. పేరు అవసరం లేదు, ఇప్పుడది లేదు కూడా. బొగ్గు బాయిలర్, దానికి బ్యాగ్ ఫిల్టర్. ఫిల్టర్ పక్కన ఒక బైపాస్ డాంపర్ ఉంటుంది. అది న్యాయమైనదే. బాయిలర్ వెలిగించిన కొత్తలో పొగ చల్లగా, తడిగా ఉంటుంది. సంచుల మీద తేమ పట్టి బూడిద మేకులా గట్టిపడుతుంది. అందుకని వేడెక్కేదాకా కాసేపు బైపాస్ తెరుస్తారు. తర్వాత మూసేయాలి.

ఆ ఏడు సంచులు పాతబడ్డాయి. గాలి ఆడక ఫ్యాను మీద భారం పెరిగింది, ఆవిరి తగ్గింది. కొత్త సంచులు కొనాలంటే బాయిలర్ ఆపాలి. ఆపితే ఉత్పత్తి పోతుంది. పై నుంచి నోటి మాట వచ్చింది: రాత్రి షిఫ్టులో బైపాస్ తెరిచి ఉంచండి, చీకట్లో పొగ ఎవరికి కనిపిస్తుంది? లాగ్ పుస్తకంలో గంటగంటకూ ఫిల్టర్ పీడనం రాయాలి. బైపాస్ తెరిస్తే అది దాదాపు సున్నా. నేను 110, 115, 110 అని రాశాను. నీటి మట్టం మిల్లీమీటర్లలో, చక్కటి అక్షరాలతో, ఈ బడిలో నేర్చుకున్న దస్తూరితో. కింద సంతకం.

గేటు బయట ఒకామె టీ కొట్టు పెట్టుకుని, వెనకాలే గుడిసెలో ఉండేది. షిఫ్టు దిగి టీ తాగుతుంటే అడిగింది: "సారూ, రాత్రిపూట మీ గొట్టం పొగ వేరే తీరుగ ఉంటది. పొద్దుగాల లేచేసరికి గిన్నెల మీద నల్లగ పడుతుంది. ఎందుకట్ల?"

నేను గ్లాసు దించకుండానే, "నీ పొయ్యి పొగేమోనమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "నా పొయ్యి పగలు గూడ మండుతది గద సారూ" అంది.

180 నమూనాలు పట్టి శాస్త్రవేత్తలు చేసిన పని ఆమె ఒక్క వాక్యంలో చేసింది. ఏ మూలం ఎప్పుడు నడుస్తుంది, మసి ఎప్పుడు పడుతుంది, రెండింటినీ కలిపి చూడటం. ఆమె దగ్గర పరికరం లేదు, గిన్నెలున్నాయి. నా దగ్గర పరికరం ఉంది, అబద్ధం ఉంది.

నేను ఎదిరించానని, ఉద్యోగం వదిలేశానని చెబితే మీరు చప్పట్లు కొడతారు. అలా జరగలేదు. ఆ చలికాలమంతా 110 రాశాను. వార్షిక షట్‌డౌన్‌లో సంచులు మార్చారు, బైపాస్ మూతపడింది. ఏడాది తర్వాత నేను పర్యావరణ ఇంజినీరింగ్‌లో పై చదువుకు వెళ్లాను. ఆమెకు మాత్రం నిజం చెప్పలేదు. చాలా ఏళ్లకు అటు వెళితే ఆ కొట్టు లేదు.

అందుకే 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలు గొట్టంలోనే మీటరు పెట్టి, లెక్క నేరుగా ఆన్‌లైన్‌లో పంపాలని ఆదేశించినప్పుడు చాలామంది యజమానులు విసుక్కున్నారు గానీ నాకు ఊరట కలిగింది. ఒక కుర్ర ఇంజినీరు చేతి రాత మీద ఒక బస్తీ ఊపిరి ఆధారపడకూడదు. అయితే మీటరు కూడా మనిషి చేతిలోదే. దాన్ని నిజాయితీగా చూసేవాడు కావాల్సిందే.

ప్యూరిఫయర్ల లెక్క

ఇప్పుడు కార్యదర్శి గారి రెండో ప్రశ్న. మన తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు. 144 ఘనపు మీటర్ల గాలి. మామూలు ప్యూరిఫయర్ గంటకు 300 ఘనపు మీటర్లు శుభ్రం చేస్తుందనుకుందాం. అంటే గదిలోని గాలిని గంటకు రెండుసార్లు. మన కిటికీలు, తలుపులు తెరిచే ఉంటాయి. బయటి గాలి గంటకు పదిసార్లు వచ్చిపోతుందనుకుంటే, ప్యూరిఫయర్ వాటా పన్నెండింట రెండు. బయట 60 ఉంటే లోపల 50 అవుతుంది. అంతే.

కిటికీలు మూద్దామా? 45 మంది పిల్లలు. ఒక్కొక్కరు గంటకు సుమారు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. మూసిన గదిలో గంట తిరిగేసరికి పది లక్షల భాగాల్లో 4 వేలు దాటుతుంది. బయట అది 420 చిల్లర. సారు ఎంత బాగా చెప్పినా పిల్లలు తూగుతారు, తలనొప్పి వస్తుంది. ఒకరికి జలుబు చేస్తే అందరికీ అంటుకుంటుంది. ఆయాసం ఉన్న పిల్లకు ఇంట్లో, రాత్రి తలుపు మూసిన చిన్న పడకగదిలో ప్యూరిఫయర్ మేలు చేస్తుంది. డాక్టరు చెబితే కొనండి. కానీ తెరిచిన తరగతి గదికి అది మందు కాదు. పైగా ఏటా ఫిల్టర్లు మార్చే డబ్బు మన సంఘం నుంచి వస్తుందా? మార్చని ఫిల్టరు ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అయితే ఏం చేద్దాం? మొన్న ఉదయం ఎనిమిది గంటలకు గేటు దగ్గర నిలబడి చూశాను. నాకు కనిపించినవి నాలుగు.

మొదటిది, గేటు ముందు బస్సులు, ఆటోలు, కార్లు ఇంజను ఆపకుండా నిలబడటం. ఒకటో తరగతి పిల్ల ముక్కు పెద్దవాళ్ల ముక్కు కంటే సైలెన్సరుకు దగ్గరగా ఉంటుంది. "ఇంజను ఆపండి" అని బోర్డు, దించే చోటు కాస్త దూరంగా, ఉదయం సాయంత్రం అరగంట నిలబడి చెప్పడానికి మనలో ఇద్దరు. రిటైరైన అన్నలు వంతులు వేసుకుంటే చాలు.

రెండోది, మైదానం మూల రాలిన ఆకులు తగలబెట్టడం. ఆయమ్మను తప్పు పట్టకండి. ఆమెకు మనం వేరే దారి ఇవ్వలేదు. అక్కడే ఒక కంపోస్టు గుంత తవ్విద్దాం. దారి చూపేది మన ఊళ్లోనే ఉంది. మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో, తార్నాక ఐఐసీటీ శాస్త్రవేత్తల సాంకేతికతతో, రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలను బయోగ్యాస్‌గా మార్చే ప్లాంటు పెట్టారు. రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం. 2021 జనవరిలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో దీని గురించి చెప్పారు. కుళ్లిన టమాటా నుంచి మార్కెట్‌కు కరెంటు వచ్చింది. మన రాలిన ఆకుల నుంచి మన మొక్కలకు ఎరువు రాదా?

మూడోది, జనరేటరు. మనది 25 కేవీఏ. దాని గొట్టం సరిగ్గా ఆరో తరగతి కిటికీ ఎత్తులో ఉంది. నిబంధన సులువే. కేవీఏకు వర్గమూలం తీసి 0.2తో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు, భవనం కంటే ఎత్తుండాలి. 25కు వర్గమూలం 5, అంటే ఒక మీటరు. ఎత్తిన గొట్టం పొగను తగ్గించదని ఇందాకే చెప్పాను. నిజమే. కానీ పిల్లల కిటికీలోంచి తప్పిస్తుంది. తర్వాతి మెట్టుగా డాబా మీద సోలార్ పలకలు, బ్యాటరీ పెడితే జనరేటరు నడిచే గంటలే తగ్గుతాయి.

నాలుగోది, గేటు నుంచి రోడ్డు దాకా ఉన్న మట్టి అంచు. బండి పోయిన ప్రతిసారీ అదే దుమ్ము లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. రాళ్లు పరిపిస్తే, పక్కన గుబురు మొక్కలు నాటితే, ఊడ్చే ముందు నీళ్లు చిలకరిస్తే చాలు.

ఈ నాలుగూ కలిపినా ప్యూరిఫయర్ల ఖర్చులో సగం కూడా కాదని నా అంచనా. హైవేను మనం ఆపలేం. బాలానగర్ గొట్టాల మీద మనకు అధికారం లేదు. కానీ మన గేటు ముందు, మన ప్రహరీ లోపల పుట్టే పొగ మనది. దాన్ని ఆపాక పక్కవాణ్ని అడిగే నోరు మనకుంటుంది.

చివరగా నా సొంత చందా. ధూళి కొలిచే చిన్న పరికరం ఒకటి నేను కొనిస్తాను. ఇలాంటివి వానకాలం తేమకు ఎక్కువ చూపిస్తాయి. అందుకే సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి కేంద్రం అంకెలతో పోల్చి చూడటం పిల్లలకు నేర్పిస్తాను. నెలకో శనివారం వస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ ఉదయం ఎనిమిదికి, పన్నెండుకు, నాలుగుకు ఒక పుస్తకంలో అంకె రాయాలి. పక్కన ఒక గడి: ఇవాళ గేటు దగ్గర ఏం జరిగింది, ఎక్కడ మంట వేశారు, గాలి ఎటు వీచింది. ఏడాదికి ఆ పుస్తకం పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్లినా, కంటోన్మెంట్ బోర్డుకు వెళ్లినా, మాట ఊరికే పోదు.

పిల్లలూ, ఆ పుస్తకానికి ఒకటే నియమం. కనిపించిన అంకె రాయండి. ఎక్కువున్నా, తక్కువున్నా, పెద్దవాళ్లకు నచ్చకపోయినా అదే రాయండి. కింద మీ సంతకం పెట్టండి. ఒకప్పుడు నేను చేయలేని పని అది. ఈ బడి రుణం నేను తీర్చుకోగలిగితే ఆ పుస్తకంతోనే తీర్చుకుంటాను.